శిక్షకు సిపాయి, పరిహారానికి కూలీ

2025 మార్చిలో రక్షణ మంత్రిత్వ శాఖ మెట్రియా అనే సంస్థతో ఒక ఒప్పందం కుదుర్చుకుంది. యుద్ధ విమానాలకు గాలిలోనే ఇంధనం నింపే కేసీ-135 ట్యాంకర్ ఒకటి మనకు అద్దెకు వస్తుంది. అదీ వెట్ లీజు మీద. అంటే విమానమూ ఆ సంస్థదే, నడిపేవాళ్లూ మరమ్మతులు చూసేవాళ్లూ ఆ సంస్థ మనుషులే. మన వైమానిక దళ, నౌకాదళ పైలట్ల శిక్షణ కోసమే ఈ ఏర్పాటని ప్రకటించారు. మన దగ్గరున్న ఐఎల్-78 ట్యాంకర్లు ఆరే, అవీ రెండు దశాబ్దాల నాటివి. కొత్తవి కొనాలన్న ప్రయత్నం ఏళ్లుగా టెండర్ల దగ్గరే చతికిలపడుతోంది. కాబట్టి అద్దెకు తెచ్చుకోవడంలో వింత లేదు, తప్పంతకన్నా లేదు. అయితే ఇవాళ శిక్షణకు వచ్చిన అద్దె విమానం రేపు అవసరానికీ వస్తుంది. ఆ రోజు సరిహద్దుకు దగ్గరగా ఎగరాల్సిన ట్యాంకర్‌లో కూర్చున్న కంపెనీ ఉద్యోగి చట్టం దృష్టిలో ఎవరు? ‘నేను రాను’ అని అతను దిగిపోతే ఆపగలమా? వస్తే, కూలిపోతే, శత్రువు చేతికి చిక్కితే అతని తరఫున నిలబడేది ఎవరు? ఒప్పందం గురించి వచ్చిన వార్తల్లో గడువు ఉంది, ఈ ప్రశ్న మాత్రం లేదు.

ఇది ఒక్క విమానం సంగతి కాదు. 2020లో నౌకాదళం రెండు సీ గార్డియన్ డ్రోన్లను అమెరికా కంపెనీ నుంచి లీజుకు తీసుకుని అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాలి నుంచి ఎగరేసింది. వాటిలో ఒకటి 2024 సెప్టెంబరులో బంగాళాఖాతంలో పడిపోయింది. 2020లోనే రక్షణ కొనుగోలు విధానంలో లీజు అన్నదాన్ని ఒక పద్ధతిగా చేర్చారు. సొంతంగా కొన్న విమానాలకు కూడా ఇప్పుడు విడిభాగాల సరఫరా, మరమ్మతులు, సంసిద్ధత శాతానికి హామీ, అన్నీ కలిపి తయారీదారుకే ఏళ్ల తరబడి అప్పగించడం మామూలైంది. సైన్యం వస్తువును కొనడం తగ్గించి సేవను కొనడం మొదలుపెడితే, ఆ సేవ వెనక ఉన్న మనిషి కూడా యుద్ధభూమికి వెళ్లాల్సి వస్తుంది. నా వాదన ఇంతే: అలాంటి మనిషికి సైనికుడి హోదాను యుద్ధం రాకముందే, అతని ఇష్టపూర్వకమైన సంతకంతో, ఒప్పందంలో భాగంగానే ఇవ్వాలి. బ్రిటన్ మూడు దశాబ్దాల కిందట ఈ దారి వేసుకుంది. దాని మంచిచెడ్డలు మన ముందున్నాయి.

బ్రిటన్‌కు ఈ అవసరం ఎంత గట్టిగా ఉంటుందో 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధం చూపింది. ఎనిమిది వేల మైళ్ల దూరంలోని దీవులకు సైన్యాన్ని మోసుకెళ్లడానికి నౌకాదళం ఓడలు చాలలేదు. ప్రయాణికుల ఓడలు, చమురు ట్యాంకర్లు, సరుకు ఓడలను ప్రభుత్వం ఉన్నపళంగా స్వాధీనం చేసుకుంది. అట్లాంటిక్ కన్వేయర్ అలాంటి సరుకు ఓడే. మే 25న అర్జెంటీనా విమానాలు వదిలిన ఎక్సోసెట్ క్షిపణులు దానికి తగిలాయి. పన్నెండుమంది చనిపోయారు, వారిలో కెప్టెన్‌తో సహా ఆరుగురు మర్చంట్ నేవీవాళ్లు. మూడు చినూక్ హెలికాప్టర్లు, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు ఆ ఓడతోపాటే బూడిదయ్యాయి. హెలికాప్టర్లలో వెళ్లాల్సిన సైనికులు వీపున మూటలతో దీవికి ఆ చివరినుంచి ఈ చివరికి నడిచారు. ఒక వ్యాపార ఓడ పోవడం యుద్ధ గమనాన్నే మార్చింది. ఇంకా చిన్న మనుషులున్నారు. బ్రిటిష్ యుద్ధనౌకల్లో బట్టలుతికే పని హాంకాంగ్ చైనీయులు కాంట్రాక్టు మీద చేసేవారు. షెఫీల్డ్ మీద ఒకరు, కోవెంట్రీ మీద ఒకరు చనిపోయారు. నావికుల చొక్కాలు ఇస్త్రీ చేయడానికి ఓడెక్కినవాళ్లు నావికులతోపాటే పోయారు. క్షిపణికి ఎవరు ఎవరి జీతగాళ్లో పట్టదు కదా.

ఆ తర్వాత పదేళ్లకు ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది, బ్రిటన్ సైన్యం చిక్కిపోయింది, రవాణా, మరమ్మతులు, వాతావరణ సూచన వంటి పనులు ఒక్కొక్కటీ ప్రైవేటు చేతికి పోవడం మొదలైంది. అప్పుడు వచ్చిందే 1996 నాటి రిజర్వు దళాల చట్టం. అందులో ఉద్యోగుల ఒప్పందాలకు వేరుగా ఒక భాగముంది. వాళ్లు స్పాన్సర్డ్ రిజర్వ్ అని పిలిచే ఏర్పాటు అదే. రక్షణ శాఖ సేవా కాంట్రాక్టు ఇచ్చేటప్పుడే, పని చేసే సిబ్బందిలో ఇంతమంది రిజర్వు సైనికులుగా ఉండాలని షరతు పెడుతుంది. కంపెనీ తన ఉద్యోగుల్లో ఒప్పుకున్నవాళ్లను చూపుతుంది. ఆ ఉద్యోగి స్వయంగా సంతకం చేసి రిజర్వు దళంలో చేరతాడు, సైనిక శిక్షణ పొందుతాడు. మామూలు రోజుల్లో కంపెనీ జీతగాడిగా తన పని తాను చేసుకుంటాడు. పిలుపు వచ్చినరోజు అదే పనిని యూనిఫాంలో, ర్యాంకుతో, సైనిక చట్టం కింద చేస్తాడు. గాయపడితే సైనికుడికి వర్తించే పరిహారమే అతనికీ వర్తిస్తుంది. పనీ మారదు, పనిముట్లూ మారవు. మారేది హోదా ఒక్కటే, కానీ మిగతాదంతా దాన్నిబట్టే ఉంటుంది.

దీన్ని మొదట్లోనే అమలు చేసినవాటిలో వాతావరణ శాఖ ఒకటి. బ్రిటన్ మెట్ ఆఫీస్‌కు ఒక సంచార విభాగముంది. ఎక్సెటర్‌లోని కార్యాలయంలో కంప్యూటర్ ముందు మేఘాల పటాలు చూసుకునే ఉద్యోగి, పిలుపు వస్తే వైమానిక దళం యూనిఫాం వేసుకుని ఇరాక్‌కో అఫ్గానిస్థాన్‌కో వెళతాడు. అక్కడ అతని పని చిన్నదేమీ కాదు. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది, గాలి పలచబడితే హెలికాప్టర్ మోయగల బరువు తగ్గుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఎంత వేడి ఉంటుందో, దుమ్ము తుపాను ఎన్నింటికి లేస్తుందో చెప్పగలిగినవాడు పక్కనుంటే, గాయపడినవాళ్లను తేవడానికి హెలికాప్టర్ వెళ్లొచ్చో లేదో కమాండర్ నిర్ణయించగలడు. ఇలాంటి నిపుణుణ్ని సైన్యం తయారుచేసుకుని ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చోబెట్టలేదు. అలాగని మామూలు పౌరుడిగా అతన్ని శిబిరానికి తీసుకెళ్తే రాకెట్లు పడ్డ రాత్రి ‘ఇక్కడే ఉండు’ అని ఆజ్ఞాపించే అధికారం ఎవరికీ ఉండదు.

ట్యాంకులను మోసే భారీ ట్రాలీలదీ ఇదే కథ. 2001 చివర్లో కేబీఆర్ అనే కంపెనీ నడిపించే ఫాస్ట్‌ట్రాక్స్ బృందానికి బ్రిటన్ ఇరవై ఏళ్ల కాంట్రాక్టు ఇచ్చింది: ఆష్‌కోష్ ట్రాక్టర్లు 92, వాటిని నడిపే డ్రైవర్లు, మరమ్మతులు అంతా కంపెనీదే. డ్రైవర్లలో కొంత భాగం రిజర్వు సైనికులుగా నమోదయ్యారు. ఇరాక్ యుద్ధంలో ఛాలెంజర్ ట్యాంకులను మోసే పనిలో ఆ డ్రైవర్లు యూనిఫాంలో ఉన్నారు. సైనిక సరంజామాను సముద్రాలు దాటించే పాయింట్ తరగతి ఓడలను 2002లో ఫోర్‌ల్యాండ్ షిప్పింగ్‌కు ఇచ్చారు, నావికులు రిజర్వులో ఉన్నారు. అన్నిటికన్నా పెద్దది 2008 నాటి ఎయిర్‌ట్యాంకర్ ఒప్పందం. పద్నాలుగు వాయేజర్ ట్యాంకర్ విమానాలు, 27 ఏళ్లు, సుమారు 10.5 బిలియన్ పౌండ్లు. సైన్యానికి అక్కర్లేని రోజుల్లో కొన్ని విమానాలను కంపెనీ బయటికి అద్దెకిచ్చుకోవచ్చు. వేసవిలో సెలవులకు పోయే ప్రయాణికులను మోసిన విమానమే సంక్షోభం వస్తే సైన్యానికి తిరిగి వస్తుంది. పైలట్లలో, ఇంజనీర్లలో కొందరు కంపెనీ చొక్కా విప్పి వైమానిక దళం యూనిఫాం తొడుగుతారు. మన ట్యాంకర్ లీజుకు ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

ఇప్పుడు ఈ ఏర్పాటు లేకుండా అవే పనులు ప్రైవేటుకిచ్చిన దేశాన్ని చూద్దాం. అమెరికా ఇరాక్‌లో కాంట్రాక్టర్లను వాడినంతగా చరిత్రలో ఇంకే సైన్యమూ వాడి ఉండదు. అబూ ఘ్రయిబ్ జైలులో ఖైదీలను చిత్రహింసలు పెట్టిన ఫొటోలు 2004లో బయటపడ్డాయి. అక్కడ సైనికులూ ఉన్నారు, కంపెనీలు పంపిన ఇంటరాగేటర్లు, దుబాసీలూ ఉన్నారు. సైనికులు కోర్టు మార్షల్ ఎదుర్కొని జైలుకెళ్లారు. కాంట్రాక్టు ఉద్యోగుల మీద ఒక్క క్రిమినల్ కేసు కూడా నడవలేదు. చివరికి బాధితులే సివిల్ దావా వేసి పోరాడితే, సీఏసీఐ అనే కంపెనీ ముగ్గురు ఇరాకీలకు 42 మిలియన్ డాలర్లు కట్టాలని జ్యూరీ తేల్చింది. ఎప్పుడు? 2024 నవంబరులో. ఇరవై ఏళ్లు పట్టింది, అదీ డబ్బు తీర్పు. ఒకే జైలు, ఒకే నేరం, చొక్కా రంగును బట్టి రెండు రకాల న్యాయం. బాగ్దాద్ నిసూర్ కూడలిలో 2007లో బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు భద్రతా సంస్థ గార్డులు పదిహేడుమంది పౌరులను కాల్చి చంపిన కేసులో శిక్షలు పడటానికి ఏళ్లు పట్టింది, పడ్డ శిక్షలను 2020లో అధ్యక్షుడు క్షమాభిక్షతో తుడిచేశారు. సైనిక చట్టం కింద ఉంటే అన్నీ సవ్యంగా జరిగేవని నేను అనను. కానీ ఎవరిని ఏ చట్టం కింద విచారించాలన్న దగ్గరే ఏళ్లు గడిచిపోయేవి కావు.

ఇదొక వైపు. రెండో వైపు కాంట్రాక్టు ఉద్యోగే బాధితుడు. 2004 ఏప్రిల్ 9న బాగ్దాద్ విమానాశ్రయానికి ఇంధనం మోసుకెళ్తున్న కాన్వాయ్ మీద దాడి జరిగింది. లారీలకు కవచం లేదు, డ్రైవర్ల చేతుల్లో ఆయుధం లేదు. కేబీఆర్ డ్రైవర్లు ఆరుగురు చనిపోయారు. ప్రమాదమని తెలిసీ పంపారంటూ కుటుంబాలు కోర్టుకెళ్తే, కాంట్రాక్టు కార్మికుల బీమా చట్టం కింద వచ్చేదే దిక్కు, అంతకుమించి దావా చెల్లదని అప్పీలు కోర్టు 2012లో తేల్చేసింది. 2004 జులైలో కువైట్ రవాణా కంపెనీ డ్రైవర్లు ఏడుగురు ఇరాక్‌లో అపహరణకు గురయ్యారు. వారిలో ముగ్గురు భారతీయులు. విడుదలయ్యేసరికి సెప్టెంబరు వచ్చింది. కడప నుంచీ కరీంనగర్ నుంచీ గల్ఫ్‌కు డ్రైవర్లుగా వెళ్లినవాళ్ల ఇళ్లల్లో ఆ నెలన్నర టీవీలు ఎలా మోగి ఉంటాయో చెప్పక్కర్లేదు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం సైన్యం వెంట నడిచే పౌరుడికి, సైన్యం గుర్తింపు కార్డు ఇచ్చి ఉంటే, పట్టుబడినప్పుడు యుద్ధ ఖైదీ హోదా దొరుకుతుంది. అయితే అతను సైనికుడు కాదు కాబట్టి పోరాటంలో చేయి పెట్టడానికి వీల్లేదు. పెడితే ఆ రక్షణ సన్నగిల్లుతుంది. ట్యాంకును ముందు వరుసకు చేర్చే డ్రైవరు, బాంబులు మోసే విమానానికి ఇంధనం పట్టే మనిషి ఆ గీతకు ఏవైపున్నాడని యుద్ధం మధ్యలో ఎవరు తేల్చాలి? యూనిఫాం వేసిన రిజర్వు సైనికుడి విషయంలో ఆ తగవే రాదు.

మన దేశం సంగతి ఇంకా చిత్రం. 1950 సైనిక చట్టంలో రెండో సెక్షన్ చదివితే, యుద్ధ విధుల్లో ఉన్న సైన్యం దగ్గర పనిచేసే, వెంట నడిచే పౌరుడు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాడు. అంటే కోర్టు మార్షల్ చేసే అధికారం ఇప్పటికే ఉంది. ఆ మనిషికి ర్యాంకు ఉందా? లేదు. సైనిక పింఛను ఉందా? లేదు. ముందుగా శిక్షణ ఇచ్చారా? అదీ లేదు. బాధ్యతలేమో సిపాయివి, హక్కులేమో కూలీవి. సరిహద్దు రోడ్ల సంస్థలోని జనరల్ రిజర్వ్ ఇంజనీర్ ఫోర్స్‌ను తీసుకోండి. పౌర ఉద్యోగుల సర్వీసు నియమాలే వాళ్లకు వర్తిస్తాయి, సైనిక చట్టంలోని సెక్షన్లు కొన్ని అదనంగా వర్తిస్తాయి. హక్కుల కోసం ఆందోళన చేసి కోర్టు మార్షల్‌కు గురైన ఉద్యోగులు సుప్రీంకోర్టుకెక్కితే, 1983లో ఆర్.విశ్వన్ కేసులో జస్టిస్ భగవతి ధర్మాసనం వాళ్లు సాయుధ దళాల్లో అంతర్భాగమేననీ, రాజ్యాంగం 33వ అధికరణ కింద వాళ్ల సంఘం పెట్టుకునే హక్కును పరిమితం చేయవచ్చనీ తీర్పిచ్చింది. హక్కులు కత్తిరించడానికి సైనికులు, సర్వీసు నియమాల దగ్గర పౌరులు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. నియంత్రణ రేఖ వెంబడి శిఖరాల మీది పోస్టులకు బియ్యం, కిరోసిన్, మందుగుండు వీపున మోసే పోర్టర్ల గతి ఇంకా అధ్వానం. గాయపడ్డ జవానును కిందికి మోసుకొచ్చేదీ చాలాసార్లు వాళ్లే. తాత్కాలిక కూలీలుగా తీసుకుని, ఆపి, మళ్లీ తీసుకుంటూ ఏళ్లు గడిపేశారు. వాళ్లకోసం ఒక పథకం తయారుచేయమని 2017లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అంటే కాంట్రాక్టు మనిషిని సైన్యంలో కలపాలా వద్దా అన్నది మన ముందున్న అసలు ప్రశ్న కాదు. ఎప్పుడో కలిపేశాం, దొడ్డిదారిన. ముందు గుమ్మం ఒకటి మన ఇంట్లోనే ఉంది, వాడటమే మానేశాం. 1948 చట్టంతో ఏర్పడి 1949 అక్టోబరులో రాజాజీ ప్రారంభించిన టెరిటోరియల్ ఆర్మీలో మామూలు పదాతి బెటాలియన్లతోపాటు శాఖాపరమైన యూనిట్లు కూడా పుట్టాయి. రైల్వే, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ ఉద్యోగులు వాటిలో ఉంటారు. చమురు శుద్ధి కేంద్రంలో పనిచేసే మనిషి ఏటా కొన్ని రోజులు యూనిఫాంలో శిక్షణ పొంది, అవసరమైతే అదే పనిని సైన్యం కోసం చేస్తాడు. పిలుపు మీద వెళ్లినవాడి ఉద్యోగం కాపాడాలని చట్టమే చెబుతుంది. బ్రిటన్ 1996లో చేసినదానికి మూలరూపం మనకు చాలా ముందే ఉందన్నమాట. తేడా ఏమిటంటే ఇక్కడ యజమానులు ప్రభుత్వ సంస్థలు. రక్షణ సేవలు ప్రైవేటు కంపెనీలకు మళ్లుతున్న ఈ కాలంలోనే ఆ పద్ధతిని వాటికి విస్తరించాల్సింది పోయి, రైల్వే రెజిమెంట్లలో చాలావాటిని ఎత్తేశారు.

ఈ ప్రతిపాదన మీద బలమైన అభ్యంతరం కార్మిక సంఘాల వైపునుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 1974 మేలో జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో రైల్వే సమ్మె జరిగినప్పుడు రైళ్లు నడపడానికి ఈ టెరిటోరియల్ ఆర్మీ రైల్వే యూనిట్లనే దించారు. యూనిఫాం వేసుకున్న ఉద్యోగి సమ్మె చేయలేడు, తోటివాళ్ల సమ్మెను విరగ్గొట్టే పనిముట్టు అవుతాడు. రేపు ఒక ప్రైవేటు ఓడ మరమ్మతు కంపెనీలో విశాఖ కార్మికులు జీతాలకోసం పని ఆపితే, రిజర్వు పేరుతో వాళ్లను పిలిపించుకోమని యాజమాన్యం ప్రభుత్వం చెవిలో చెప్పదని హామీ ఏమిటి? ఏమీ లేదు, చట్టంలో రాయకపోతే. అందుకే ఈ తరహా రిజర్వు సైనికుణ్ని యుద్ధానికి, సైనిక చర్యకు, విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్లను తరలించడానికి తప్ప పిలవకూడదనీ, పౌర ప్రభుత్వానికి సాయమన్న పేరుతో, పారిశ్రామిక వివాదం నడుస్తున్నచోట అసలే పిలవకూడదనీ చట్టంలోనే కట్టడి పెట్టాలి. ఇప్పటి టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో ఆ కట్టడి లేదు. అది పెట్టకుండా ఈ పద్ధతి తెస్తే నేనూ ఆ సంఘాల పక్షానే ఉంటాను.

రెండో అభ్యంతరం సమ్మతి గురించి. ఉద్యోగం కావాలంటే సంతకం పెట్టాలన్నప్పుడు అది ఇష్టమెలా అవుతుంది, ఆకలి చేయించిన సంతకం కాదా అంటారు. నిజమే, పేదవాడి సమ్మతిలో ఎప్పుడూ కొంత బలవంతం ఉంటుంది. కానీ ప్రత్యామ్నాయం ఏమిటో చూడండి. రష్యా సైన్యంలో సహాయకుడి పని అని నమ్మి వెళ్లిన మన కుర్రాళ్లు యుక్రెయిన్ యుద్ధంలో ముందు వరుసకు చేరారు. 2024 మార్చిలో చనిపోయినట్లు మన రాయబార కార్యాలయం ధ్రువీకరించిన హైదరాబాద్ యువకుడు వారిలో ఒకడు. అక్కడ దగా అంతా పని స్వభావాన్ని దాచడంలో ఉంది. రిజర్వు ఒప్పందం దానికి సరిగ్గా తలకిందుల వ్యవహారం. ఎక్కడికి పిలవవచ్చు, ఎంతకాలం, ఏ ప్రమాదం, పోతే ఇంటికి ఏమొస్తుంది అన్నవన్నీ సంతకానికి ముందే, రాసిపెట్టి, తనకు తెలిసిన భాషలో చెప్పాలి. సంతకం చేయనివాడికి అదే కంపెనీలో దేశంలోపలి పని ఇవ్వాలి, తీసేయకూడదు. బ్రిటన్ కంపెనీలు సిబ్బంది మొత్తాన్ని కాక కొంత భాగాన్నే రిజర్వులో ఉంచుకోవడం వల్ల ఈ వెసులుబాటు సాధ్యమైంది. మన షరతూ అలాగే ఉండాలి.

కంపెనీ లాభానికి సైనికుడి ప్రాణం పణంగా పెట్టడమేమిటని అడిగేవాళ్లకు నా జవాబు కొంత ఇబ్బందికరమైనదే. లాభం ఇప్పటికే ఉంది, ప్రాణం ఇప్పటికే పణంలో ఉంది, లెక్క మాత్రమే లేదు. కాంట్రాక్టు మనిషి పోతే అమరుల జాబితాలో పేరుండదు, పార్లమెంటులో ప్రశ్న రాదు, పత్రికలో మూల వార్త అవుతుంది. రిజర్వు సైనికుడు పోతే అది సైన్యం నష్టం, ప్రభుత్వం జవాబు చెప్పాలి. యుద్ధానికి వెళ్లే ముందు ఏ ప్రభుత్వమైనా రెండుసార్లు ఆలోచించేలా చేసేది ఆ లెక్కే. ఇక బేరాల సంగతి వేరు. ఎయిర్‌ట్యాంకర్ ఒప్పందాన్ని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2010లో గట్టిగా తప్పుపట్టింది, డబ్బుకు తగ్గ ఫలితం దక్కిందని రక్షణ శాఖ చూపలేకపోయిందని చెప్పింది. ఆ తప్పు ఇరవై ఏడేళ్ల ప్రైవేటు పెట్టుబడి బేరంలో ఉంది, పైలట్లకు హోదా ఇవ్వడంలో కాదు. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. కంపెనీలు దివాలా తీసే ప్రమాదమూ నిజమే. సైనిక నివాసాల నిర్వహణ చేతిలో పెట్టుకున్న కారిలియన్ అనే బ్రిటన్ కంపెనీ 2018 జనవరిలో కుప్పకూలింది. ఇక్కడ కూడా రిజర్వు ఏర్పాటే కొంత మేలు: కంపెనీ పోయినా నమోదైన మనిషి సైన్యం జాబితాలో ఉంటాడు, పేరు, నైపుణ్యం, చిరునామాతో సహా. మామూలు కాంట్రాక్టులో కంపెనీతోపాటే మనిషీ మాయమవుతాడు. 2021లో అమెరికా తన కాంట్రాక్టర్లను వెనక్కి పిలుచుకోగానే అఫ్గాన్ వైమానిక దళంలో విమానాలు మరమ్మతులు లేక నేలకు అతుక్కుపోయిన సంగతి తెలిసిందే.

సైన్యంలో అధికారుల వైపునుంచి వచ్చే సందేహం ఇంకోటుంది: ఇద్దరు యజమానుల కింద మనిషి ఎవరి మాట వింటాడని. పిలుపు అందిన క్షణం నుంచి ఒక్కరి మాటే వింటాడు, ఈ పద్ధతి ఉద్దేశమే అది. కొంత నిజమైన చిక్కు విదేశీయుల విషయంలో ఉంది. టెరిటోరియల్ ఆర్మీలో భారత పౌరుడే చేరగలడు. అమెరికా పైలట్ నడిపే అద్దె ట్యాంకర్ మీద ఈ షరతు పనిచేయదు. కాబట్టి విదేశీ సిబ్బందితో వచ్చే లీజును శిక్షణకే పరిమితం చేసి, దీర్ఘకాలిక లీజుల్లో ఇన్నేళ్లలోపు భారతీయ సిబ్బంది రావాలని గడువు పెట్టడం తప్ప దారి లేదు. ఆయుధం పేల్చే పనికి, ఖైదీలను కాపలా కాసే, ప్రశ్నించే పనికి కాంట్రాక్టు రిజర్వు అసలే పనికిరాదు. అవి సాధారణ సైన్యం చేయాల్సినవి, ఎంత ఖర్చయినా సరే.

మనుషులు ఎక్కడినుంచి వస్తారంటే, దానికి మనకిప్పుడు బ్రిటన్‌కు లేని వనరు ఒకటుంది. 2022లో అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడి, పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా కుర్రాడు చనిపోయాడు. ఆ గొడవంతా నాలుగేళ్ల తర్వాత మా గతేమిటన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. తొలి బ్యాచ్ అగ్నివీరుల నాలుగేళ్లు 2026 చివరినుంచి పూర్తవుతాయి. నలుగురిలో ఒకరిని సైన్యం ఉంచుకుంటుంది. మిగిలిన ముగ్గురు ఆయుధం, క్రమశిక్షణ, ఒక సాంకేతిక పని తెలిసినవాళ్లు. వాళ్లకు కేంద్ర సాయుధ బలగాల ఉద్యోగాల్లో కొంత రిజర్వేషన్ ప్రకటించారు. విమాన మరమ్మతు కేంద్రాలు శంషాబాద్ చుట్టూ పెరుగుతున్నాయి, తూర్పు నౌకాదళం ఓడల పనులు విశాఖలో కాంట్రాక్టులకు పోతున్నాయి. అలాంటి రక్షణ కాంట్రాక్టు దక్కించుకున్న సంస్థ తన సాంకేతిక సిబ్బందిలో కొంత శాతాన్ని మాజీ అగ్నివీరుల నుంచి తీసుకోవాలనీ, వాళ్లలో ఒప్పుకున్నవాళ్లను టెరిటోరియల్ ఆర్మీలో నమోదు చేయాలనీ, ఏటా శిక్షణ రోజుల జీతం రక్షణ శాఖ భరిస్తుందనీ, పిలుపు కాలంలో చనిపోయినా వికలాంగులైనా సాధారణ జవానుతో సమానంగా పింఛను వస్తుందనీ టెండరులోనే రాయవచ్చు. ఇందుకు కావలసింది 1948 చట్టానికి ఒక సవరణ, రక్షణ కొనుగోలు విధానంలో ఒక అధ్యాయం. ట్యాంకర్ విమానాల తర్వాతి లీజుకు టెండరు పిలిచేలోగా రెండూ పూర్తిచేయడానికి వ్యవధి ఉంది.